హైదరాబాద్ టూర్‌కు పాస్ కొనాలా? ముందు లెక్క వేద్దాం

మిత్రులారా, సెలవుల్లో ఇంటర్ పిల్లలను హైదరాబాద్ తీసుకుపోదామని అనుకున్నప్పటి నుంచి గ్రూపులో ఒకటే చర్చ. "అన్నా, టూర్ బస్సు పాస్ తీసుకుంటే అన్నీ ఒక్కరోజులనే చూపిస్తరు, ఖర్చు కూడా కలిసొస్తది" అని కొందరు అంటున్నరు. మేము వద్దంటున్నాం. ఎందుకో వివరంగా రాస్తున్నాం, ఓపికగా చదవండి.

పోయేది ఇరవై మంది. పన్నెండు మంది ఆడపిల్లలు, ఎనిమిది మంది మగపిల్లలు. ఇచ్చేది చందా డబ్బు. పత్తి ఏరి, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి చేసి తెచ్చిన పైసలు. అందుకే పది రూపాయల తేడాను కూడా లెక్కలోకి తీసుకుంటున్నాం.

ముందుగా టూర్ బస్సు సంగతి. ఆర్టీసీ 2022 అక్టోబరులో 'హైదరాబాద్ దర్శిని' అని శని, ఆదివారాలకు మొదలుపెట్టింది. అప్పటి ధర పెద్దలకు మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో 250 రూపాయలు, ఏసీ బస్సులో 450. బిర్లా మందిర్, చౌమహల్లా ప్యాలెస్, తారామతి బారాదరి, గోల్కొండ, దుర్గం చెరువు, కేబుల్ బ్రిడ్జి, హుస్సేన్ సాగర్. మంచి రూటే. మనకు 250 చొప్పున ఇరవై మందికి 5,000. కానీ ఆ బస్సు పొద్దున ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్‌లో బయలుదేరేది. మేళ్లచెరువు నుంచి కోదాడ, అక్కడి నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్, ఎంత లేదన్నా నాలుగు గంటల పైనే. ఆ టైముకు అందాలంటే తెల్లవారుజామున మూడింటికి పిల్లల్ని లేపాలె, లేదంటే ముందురోజే పోయి రాత్రి ఉండాలె. ఉండే ఖర్చు, తిండి ఖర్చు పాస్ ధరలో ఎవరూ కలపరు.

ఇంకో మాట. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మన చెల్లెండ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ల్లో టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తరు. అంటే ఇరవై మందిలో పన్నెండు మందికి ప్రయాణం ముందే ఉచితం. ఉచితంగా వచ్చేదానికి పాస్ కొనుడు ఏం తెలివి? ఒక్కటి గుర్తుంచుకోండి, కోదాడలో సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బులు కట్టాల్సిందే. మెట్రో రైలులో కూడా ఉచితం లేదు. ఎక్స్‌ప్రెస్ బోర్డు చూసి ఎక్కాలె.

ఇక మగపిల్లలకు ఆర్టీసీ టీ-24 టికెట్ ఉంది కదా అంటున్నరు. 24 గంటలు సిటీ బస్సుల్లో ఎన్నిసార్లయినా తిరగొచ్చు. 2023లో దాని ధర 100 నుంచి 90కి తగ్గించారు. ఇప్పుడు ఎంతుందో, ఏయే బస్సుల్లో చెల్లుతదో కండక్టర్‌ను అడిగి కొనాలె. లెక్క కోసం 90 అనే పెట్టుకుందాం, మామూలు టికెట్ సగటున 20 అనుకుందాం. మన బస్సు ఎంజీబీఎస్ దాకా పోతది. అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ నడిచే దూరమే. చార్మినార్ నుంచి గోల్కొండకు ఒక బస్సు, గోల్కొండ నుంచి మెహిదీపట్నం ఒకటి, అక్కడి నుంచి మాసాబ్ ట్యాంక్ ఒకటి, తిరిగి ఎంజీబీఎస్‌కు ఒకటి. నాలుగు ఎక్కుడ్లు, 80 రూపాయలు. పాస్ కొంటే పది రూపాయలు నష్టం! ఐదోసారి ఎక్కితేనే లాభం. ఇరవై మందిని వెంటేసుకొని ఒక్క పగటిపూట ఐదు బస్సులు మారుడు ఎంత కష్టమో పోయినోళ్లకు తెలుసు. టికెట్ ధరలు మారితే ఆ అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి, లెక్క తీరు ఇదే.

రాత్రి ఉండేవాళ్లకైతే టీ-24 పనికొస్తది. ఉదయం పదింటికి కొంటే మర్నాడు పదింటి దాకా చెల్లుతది.

పాస్ ఉన్నా లేకున్నా లోపలికి టికెట్ వేరే. చార్మినార్, గోల్కొండ ఒక్కోటి 25, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఫ్రీ. శుక్రవారం సాలార్‌జంగ్ మూసి ఉంటది, ఆరోజు పెట్టుకోవద్దు.

మాసాబ్ ట్యాంక్ ఎందుకంటే, అక్కడ సంక్షేమ భవన్‌లో గిరిజన మ్యూజియం ఉంది. మన తాతముత్తాతల నగలు, పనిముట్లు, ఇండ్ల నమూనాలు చూడాలంటే అక్కడికే పోవాలె. అక్కడి నుంచి బంజారాహిల్స్ ఎంతో దూరం లేదు. సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ 2022 సెప్టెంబర్ 17న అక్కడే ప్రారంభించారు. బంజారాల పేరున్న గుట్ట మీద ఇప్పుడు కోటీశ్వరుల బంగ్లాలు, అది వేరే కథ. పైన రాసిన టూర్ బస్సు రూటులో ఈ చోట్లు ఒక్కటీ లేవు. 5,000 కట్టి మన సంగతి చూడకుండ వస్తామా?

ముసలోళ్లను తీసుకుపోతే మేమూ టూర్ బస్సే అంటాం. కానీ ఈ పిల్లల్లో సగం మంది రేపు డిగ్రీకి హైదరాబాద్ హాస్టళ్లకే పోతరు. బస్సు నంబరు చదువుడు, ఎక్కడ దిగాల్నో అడుగుడు ఇప్పుడు మనం పక్కన ఉండగానే నేర్చుకోనివ్వండి.

కాబట్టి మా లెక్క: సిటీ బస్సులకు మగపిల్లలకు 640, ఆడపిల్లలకు సున్నా. మిగిలిన 4,360 మధ్యాహ్నం భోజనానికి, లోపలి టికెట్లకు, చందా ఇయ్యలేనోళ్ల పిల్లలకు. ఆదివారం లోపు పేర్లు ఇయ్యండి. ఆధార్, కాలేజీ ఐడీ కార్డు మర్చిపోవద్దు. మ్యూజియం ఆరోజు తెరిచి ఉంటదా అని ముందే ఫోన్ చేసి కనుక్కునే పని ఎవరు తీసుకుంటరో కింద రాయండి.