"నో రికార్డ్" అంటే మన భూమి లేదని కాదు

పోస్టు పొడుగైంది, సూర్యాపేట బస్సులో కూర్చున్నప్పుడైనా చదవండి.

పోయిన నెల మా కాకా మిర్యాలగూడలో ఒక నెట్ సెంటర్‌కు పోయిండు. పాలకవీడు దగ్గర ఉన్న రెండెకరాలు ఆన్‌లైన్‌లో ఉన్నయా లేవా చూడమన్నడు. అక్కడి పిల్లగాడు మా తండా పేరు కోసం వెతికి, లిస్టులో లేదని చెప్పి యాభై రూపాయలు తీసుకున్నడు. రాత్రి కాకా నాకు ఫోన్ చేసి "మన భూమి పోయిందంట బేటా" అన్నడు. ఆ గొంతు విని నాకు నిద్ర పట్టలేదు.

భూమి ఎక్కడికీ పోలేదు. వెతికిన తీరే తప్పు. 2018లో మన తండాలు చాలావరకు గ్రామ పంచాయతీలు అయినయ్. సర్పంచ్ వచ్చిండు, బోర్డు వచ్చింది. కానీ పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. భూభారతి సైట్లో జిల్లా, మండలం తర్వాత వచ్చే ఊరి పేరు రెవెన్యూ గ్రామానిది. తండా భూమి పక్కనున్న పెద్ద ఊరి పేరు మీదనే ఉంటుంది. ఇంకో చిక్కు: కాకా పాత పాస్‌బుక్‌లో నల్గొండ జిల్లా, నేరేడుచర్ల మండలం అని ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినంక అది సూర్యాపేట జిల్లా, పాలకవీడు మండలం. పాత కాగితం చూసుకుంటూ కొత్త సైట్లో వెతికితే ఏం దొరుకుతది?

నేను హాస్టల్లో ఫోన్‌లోనే వెతికిన. రెండుసార్లు రాలేదు. మూడోసారి కొత్త పాస్‌బుక్ మీద టీ అక్షరంతో మొదలయ్యే నంబర్ కాకాతో ఒక్కొక్క అంకె చదివించుకుని కొట్టిన. వచ్చింది. సర్వే నంబర్‌తో వెతికేవాళ్లు బై నంబర్ కూడా చూసుకోవాలి, 127 వేరు, 127/అ వేరు.

పేర్ల సంగతి ఇంకా ఘోరం. భూక్యా అని రాయడానికి ఇంగ్లిష్‌లో బీ తర్వాత హెచ్ పెట్టేవాళ్లున్నరు, పెట్టనోళ్లున్నరు. బానోతు చివర యూ ఒక కార్డులో ఉంటది, ఇంకో కార్డులో ఉండదు. నాయక్ ఒకచోట పేరులో కలుస్తది, ఒకచోట మాయమైతది. మన పేర్లు బడిలో సారు ఎట్ల విన్నడో అట్ల రాసిండు. కంప్యూటర్‌కు అవి వేర్వేరు మనుషులే. అందుకే ఓటరు లిస్టులో పేరుతో వెతకడం కంటే ఓటరు కార్డు నంబర్‌తో వెతకడం నయం. పేరుతోనే వెతకాల్సి వస్తే కార్డు మీద ఉన్న స్పెల్లింగే కొట్టండి, మనకు సరైనదనిపించింది కాదు.

కోదాడలో చదివే నా దోస్తు ఈపాస్‌లో తన స్కాలర్‌షిప్ కనపడట్లేదని వారం రోజులు ఏడ్చినంత పని చేసిండు. వాడు ఎంచుకున్న అకడమిక్ ఇయర్ తప్పు, అంతే.

"సైట్లు సరిగ్గా చేయాల్సింది ప్రభుత్వం, మనమెందుకు ఇన్ని తిప్పలు పడాలె" అని ఒక సీనియర్ అన్న అన్నడు. ఆయన మాటలో న్యాయం ఉంది. తండా పేరు కొడితే దాని రెవెన్యూ గ్రామం చూపించాలి. భూక్యాను రెండు రకాలుగా రాసినా ఒకటే మనిషి దొరకాలి. అది అడగాల్సిందే, రాసి ఇవ్వాల్సిందే. కానీ అది అయ్యేదాకా మా కాకా లాంటోళ్లు యాభై రూపాయలు ఇచ్చి "లేదు" అనే మాట కొనుక్కుని ఇంటికి రావాల్నా? ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినోళ్లం మనం. ఈ పని మనకు కాక ఎవరికి చెప్తరు?

ఒక్క మాట, సాయం అడిగేటప్పుడు పాస్‌బుక్, ఆధార్ ఫోటోలు గ్రూప్‌లో పెట్టకండి. నంబర్లు మీ దగ్గరే ఉంచుకోండి.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ తండా ఏ రెవెన్యూ గ్రామం కిందకి వస్తదో అడగండి. నాకు మొన్నటిదాకా తెలియదు. కాకా ఇప్పుడు ఆ ప్రింటు తీసి బియ్యం డబ్బాలో పెట్టుకున్నడు.