చవక ఇల్లు ఎవరికి చవక?

ఇంటికి దీపం ఇల్లాలు అని మనవాళ్ళు తెగ అంటుంటారు. మరి కొత్త ఊళ్ళో ఇల్లు వెతికేటప్పుడు ఆ దీపాన్ని పాత ఊళ్ళోనే వదిలేసి ఎందుకు వెళతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయనకి బెంగుళూరులో ఉద్యోగం వస్తుంది. ముందు తనొక్కడే వెళ్ళి పీజీలో దిగుతాడు. రెండు ఆదివారాలు బ్రోకరు బండి వెనకాల కూర్చుని నాలుగిళ్ళు చూస్తాడు. మూడో ఆదివారం మనకి వాట్సాప్‌లో వీడియో వస్తుంది. హాలు, ఫాల్స్ సీలింగ్, బాల్కనీలోంచి కనిపించే కొబ్బరి చెట్టు. వంటింటి గుమ్మం దగ్గర ఫోను ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగిపోతుంది. సింకు కింద చెమ్మ ఉందా, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి, నీళ్ళు రోజూ వస్తాయా అని మనం అడిగేలోపు అడ్వాన్సు గూగుల్ పేలో వెళ్ళిపోయి ఉంటుంది.

ఏమండీ అంటే ఒకటే జవాబు. "కాస్త దూరమే గానీ, చవగ్గా వచ్చింది."

ఈ చవక అనే మాట మీదే నా పోట్లాటంతా.

మా ఆడపడుచు వాళ్ళ సంగతి చెబుతాను. తనకి చెప్పే రాస్తున్నాను లెండి, "రాయొదినా, పేరు మాత్రం వద్దు" అంది. రాజమండ్రిలో ఉండేవాళ్ళు. ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో అత్తగారు. తను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు, నెలకి పదిహేడు వేలు. అన్నయ్యగారికి బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆఫీసు దగ్గర్లో రెండు బెడ్‌రూముల ఇల్లు ముప్పై ఎనిమిది వేలన్నారట. గుండె గుభేలుమని, వెతుక్కుంటూ వెతుక్కుంటూ సర్జాపుర కూడా దాటిపోయి ఇరవై రెండు వేలకి ఒకటి పట్టారు. నెలకి పదహారు వేలు మిగిలిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

తర్వాత ఏం జరిగిందో వినండి. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అత్తగారు ఎక్కిన రోజు ఎక్కారు, మళ్ళీ దిగింది డాక్టరు దగ్గరికే. అన్నయ్యగారు పొద్దున్నే ఏడున్నరకి బయల్దేరితే రాత్రి తొమ్మిదికి వస్తారు, ట్రాఫిక్ ఆయన చేతుల్లో లేదు పాపం. పిల్లల వ్యాను ఎనిమిదికి వస్తుంది. అక్కడి స్కూళ్ళు టీచర్లని ఏడున్నరకే రమ్మంటాయి. ఆటో దొరకాలంటే మెయిన్ రోడ్డు దాకా నడవాలి. కావేరి పైపు ఆ వీధి దాకా రాలేదు, బోరు సగం రోజులు గాలి కొడుతుంది, ట్యాంకరు ఎప్పుడొస్తుందో ట్యాంకరు వాడికే తెలియదు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా? ఉన్నది తనే. ఉద్యోగం చూసుకోవడం మానేసింది.

పదిహేడు వేల జీతం పోయింది, పదహారు వేల అద్దె మిగిలింది. ఇందులో లెక్కల టీచరు వేయాల్సినంత లెక్క కూడా ఏమీ లేదు. అయినా ఆ ఇంట్లో ఎవరూ వేయలేదు. అద్దె అగ్రిమెంటులో కనిపిస్తుంది. తెల్లారుజామున నాలుగున్నరకి లేచి బకెట్లు నింపుకునే మనిషి ఎక్కడా కనిపించదు.

2024 ఎండాకాలంలో బెంగుళూరు నీళ్ళ కరువు గురించి టీవీలో అందరూ చూశారు. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల రేట్లు పెరిగిపోయి, చివరికి ప్రభుత్వమే రేట్లు కట్టడి చేయాల్సొచ్చింది. ఆ ట్యాంకర్ల దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్ళని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాళ్ళలో మగవాళ్ళు ఎంతమంది కనిపించారు మీకు?

ఇక అడ్వాన్సు. హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దె ఇచ్చి తాళాలు తీసుకునే అలవాటు మనది. బెంగుళూరులో పది నెలల అద్దె ఏళ్ళ తరబడి ఆనవాయితీ. ఇప్పుడు కొందరు ఆరు నెలలకి దిగారు, అదీ బతిమాలితే. కేంద్రం 2021లో తెచ్చిన మాదిరి అద్దె చట్టంలో నివాస గృహానికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఉంది. కానీ మాదిరి చట్టం మాదిరి చట్టమే, రాష్ట్రాలు తమదిగా చేసుకుంటేనే దానికి విలువ. దాన్ని పట్టుకుని ఇంటాయన దగ్గరికి వెళితే కాఫీ ఇచ్చి పంపిస్తాడు, ఇల్లివ్వడు.

మా వాళ్ళు పది నెలలే ఇచ్చారు. రెండు లక్షల ఇరవై వేలు. ఎక్కణ్ణించి వచ్చాయంటారా? మా ఆడపడుచు హారం, నాలుగు గాజులు బ్యాంకుకి వెళ్ళాయి. రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకి 2,200. ఇది ఆ ఇంటి అద్దెలో భాగం కాదా? ఎవరూ కలపరు. బంగారం ఊరికే బీరువాలో ఉందిగా అంటారు. బ్రోకరుకి ఒక నెల అద్దె, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో ఇంకో నెల కోత, ఇవి వేరే. దగ్గరి ఇంటికైతే అడ్వాన్సు ఇంకా ఎక్కువ కట్టాలి కదా అని మీరు అడగొచ్చు. నిజమే, కాదనను. నగ పెట్టినావిడకి ఇల్లు చూసే హక్కయినా ఇవ్వండి అంటున్నాను.

మధ్యలో ఒక మాట. పదిహేను ఇరవై లక్షలు ఒకేసారి కట్టేసి అద్దె లేకుండా ఉండే "లీజు" పద్ధతి అక్కడ ఉంది. మధ్యవర్తి చేతికి డబ్బిచ్చి, అది అసలు యజమానికి చేరక, రోడ్డున పడ్డ కుటుంబాలున్నాయి. పుట్టింటివాళ్ళు పొలం అమ్మి ఇచ్చిన డబ్బు అలాంటి చోట మాత్రం పెట్టనివ్వకండి.

"ఇంట్లోనే ఉంటావుగా, నీకు దూరమైతేనేం" అనేవాళ్ళతో నాకు అసలు పడదు. రోజంతా ఇంట్లో ఉండేది ఆవిడే కాబట్టే ఆ ఇల్లు ఎక్కడుందన్నది ఆవిడకే ఎక్కువ ముఖ్యం. ఆయనకది రాత్రి పడుకునే చోటు. ఆవిడకి అదే ఆఫీసు, మందుల షాపు ఎంత దూరమో, పిల్లాడికి జ్వరమొస్తే అర్ధరాత్రి ఆటో దొరుకుతుందో లేదో, పలకరించే మనిషి ఉందో లేదో, అన్నీ అదే. ఇంకొందరు "ఇప్పుడు మిగిలిస్తే రేపు సొంతిల్లు" అంటారు. ఆవిడ జీతం కూడా ఉంటే ఆ రేపు కాస్త ముందే వస్తుందని ఎందుకు తోచదో!

డబ్బు నిజంగానే లేక ఊరి చివరికి వెళ్ళేవాళ్ళని నేను ఒక్క మాట అనను. వాళ్ళకి వేరే దారి లేదు. దారి ఉండీ, ఫాల్స్ సీలింగ్ చూసి మురిసిపోయి, గేటెడ్ కమ్యూనిటీ అని బంధువులకి చెప్పుకోవడానికి వెళ్ళేవాళ్ళతోనే నా గొడవ. మా పిన్ని కూతురు వాళ్ళదీ వైట్‌ఫీల్డ్ ఉద్యోగమే. ఊరికి అటు చివర విజయనగర్‌లో పాత ఇంటి కింద వాటా తీసుకున్నారు, ఇరవై ఎనిమిది వేలు. గచ్చు పాతది, బాత్రూము ఒకటే, అలమరలకి తలుపుల్లేవు. కానీ కావేరి నీళ్ళొస్తాయి, కూరలబండి గుమ్మంలోకొస్తుంది, స్కూలు నడిచివెళ్ళే దూరం. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైను చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది కాబట్టి మరిదిగారు ఒకే రైల్లో వెళ్ళొస్తారు. గంట పైనే పడుతుంది. ఆ గంటా ఆయనది, ఆవిడది కాదు. ఆ ఇల్లు చూసింది ఆవిడే. రెండు రోజులు తిరిగి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి, పక్కింటావిడని నీళ్ళ సంగతి అడిగి మరీ ఒప్పుకుంది.

మా ఆడపడుచు వాళ్ళ అగ్రిమెంటు పదకొండు నెలలది. (ఏడాదికి మించితే రిజిస్ట్రేషను తప్పదు కాబట్టి అందరూ అలాగే రాయించుకుంటారు.) జూన్‌తో అయిపోతుంది. ఈసారి తను చూడని ఇంట్లో పాలు పొంగించనని చెప్పేసిందట. అన్నయ్యగారు ఏమీ అనలేదు గానీ, పెద్దావిడ మాత్రం "ఆడవాళ్ళు ఊళ్ళమ్మట ఇళ్ళు చూడ్డమేంటే, దండగ ఖర్చు కాకపోతే" అన్నారట. రాజమండ్రిలో ఉన్నప్పుడే శేషాద్రి ఎక్కి ఉంటే మర్నాటికల్లా బెంగుళూరులో ఉండేది. స్లీపరులో రానూపోనూ రెండు వేలు కూడా కాదు.