వాటా ఉంటే ఇల్లున్నట్టేనా?

నూజివీడులో ఒక తండ్రి పిత్రార్జితమైన రెండు గదుల డాబా వదిలి పోయాడనుకుందాం. వారసులు నలుగురు. డాబాలో పెద్దకొడుకు కాపురం. పెళ్లయిన కూతురు అద్దెకుంటూ, సీజన్లో మామిడి షెడ్డుకు పోయి కాయలు ఏరుతుంది. ఆమెకు సొంతిల్లు ఉన్నట్టా, లేనట్టా?

ఉన్నట్టే అని కొట్టిపారేయడానికి నిబంధన తలుపు బార్లా తెరిచి పెట్టింది. 2024 సెప్టెంబరు 1న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 ప్రకారం, కుటుంబంలో ఎవరి పేరనా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. వాటా ఎంత, అందులో ఒక మంచమైనా పడుతుందా అని ఆ షరతు అడగదు. 1.80 లక్షల దాకా వడ్డీ రాయితీ వచ్చేదీ పోయేదీ దరఖాస్తు చూసే మనిషి దయ మీద వేలాడుతుంది.

అదే పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ముప్పై ఎకరాల బంగినపల్లి తోట, మూడంతస్తుల మేడ ఉన్న ఆసామికి పెళ్లయిన కొడుకున్నాడనుకోండి. ఆ మేడలోనే ఉంటూ, తన పేరనా భార్య పేరనా ఇల్లు లేదని, ఏడాది ఆదాయం 9 లక్షల లోపేనని చూపితే అర్హుడు. తండ్రి మేడ లెక్కలోకి రాదు. డాబాలో ఆ కూతురి పావు వాటా మాత్రం లెక్కలోకి రావచ్చు! ఇదేం న్యాయం?

ఆ పావు వాటా ఆడపిల్లకు ఊరికే రాలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఇప్పుడు ఆ హక్కే ఆమెకు అడ్డంపడితే, అన్న పేర రిలీజు దస్తావేజు రాసిచ్చెయ్యమని చెప్పేవాళ్లు ఇంటి చుట్టూ చేరతారు. సర్కారు ఇల్లు కావాలంటే పుట్టింటి హక్కు వదులుకోవాలా?

వాటా ఉన్నవాళ్లనూ చేర్చుకుంటే దొంగ దరఖాస్తులు వస్తాయంటారు. అధికారులారా, రానివ్వండి, పట్టుకోండి. పన్ను రసీదు, రిజిస్ట్రేషన్ కాగితం మీ దగ్గరే ఉన్నాయి. కొలిచే పద్ధతీ మీ పుస్తకాల్లోనే ఉంది. 21 చదరపు మీటర్లు, అంటే పాతిక గజాల లోపు పక్కా ఇల్లున్నవాళ్లకు దాన్ని పెంచుకోవడానికి సాయం చేయొచ్చని ఆవాస్ యోజన 2015 నాటి మార్గదర్శకాలే ఒప్పుకున్నాయి. చిన్న ఇల్లు చాలదని తెలిసిన ప్రభుత్వానికి చిన్న వాటా చాలదని తెలియదా?

2024లో నూజివీడు నుంచి గెలిచి గృహనిర్మాణ శాఖ చేపట్టిన కొలుసు పార్థసారథి గారికి ఈ ఊరి ఓటరుగా అడుగుతున్నాను: వాటా పాతిక గజాల లోపుంటే ఇల్లులేనట్టే లెక్కించాలని రాష్ట్రం తరఫున కేంద్రానికి రాయండి. అక్కచెల్లెళ్లారా, అప్పటిదాకా ఎవరు చెప్పినా రిలీజు దస్తావేజు మీద సంతకం పెట్టకండి.