గాయం మానింది, నొప్పి మానలేదు

ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఆపరేషన్ జరిగింది. కుట్లు తీశారు. గడ్డ పూర్తిగా వచ్చిందని డాక్టరుగారు చెప్పారు. ఇంటికి వెళ్ళి మూడు నెలలు దాటినా ఛాతీ ప్రక్కన మంట మాత్రం తగ్గదు. రొమ్ము క్రింద అరచేయి వెడల్పున చర్మం మొద్దుబారి, తన ఒళ్ళు కానట్టే ఉంటుంది. చొక్కా రాసుకున్నా చురుక్కుమంటుంది, దగ్గితే పోటు వస్తుంది. ఇటువంటి బాధ పడుతున్నవారు మన కుటుంబాలలో, మన సంఘాలలో ఉన్నారు. వారిలో చాలామంది ఈ సంగతి ఎవరికీ చెప్పరు. చెప్పాలి, చెప్పనివ్వాలి అన్నదే ఈ వ్యాసంలో మా మాట.

ఈ బాధ ఎందుకు వస్తుందో ముందు తెలుసుకుందాం. మనకు 12 జతల ప్రక్కటెముకలు ఉన్నాయి. ఒక్కొక్క ఎముక క్రింది అంచు వెంబడి రక్తనాళాలు, వాటితోపాటు ఒక నరం వీపు నుండి ముందుకు సాగుతాయి. ఊపిరితిత్తిని చేరాలంటే సర్జన్ ఈ ఎముకల మధ్యనుండే దారి చేసుకోవాలి. పెద్ద కోతతో చేసే ఆపరేషన్‌లో ఎముకలను ఒక పరికరంతో ఎడం చేసి ఉంచుతారు. ఆ ఒత్తిడికి నరం నలుగుతుంది. కెమెరా సాయంతో చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో బాధ సాధారణంగా తక్కువే గాని, అక్కడ కూడా పరికరాలు ఎముకల మధ్యనుండే వెళ్తాయి కనుక నరానికి దెబ్బ తగలవచ్చు. దెబ్బతిన్న నరం స్పర్శను సరిగా అందించదు, అందుకే తిమ్మిరి. పైన గాయం మానినా, మాననట్టే మెదడుకు కబురు పంపుతూ ఉంటుంది, అందుకే మంట. కోత ప్రక్కన ఉంటే నొప్పి రొమ్ము క్రింద, పొట్ట పైభాగాన కనిపించడానికి కారణం కూడా ఇదే. ఆ నరాలు అంతవరకు వెళ్తాయి.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే బాధ కాదు. ఛాతీ తెరచి చేసిన ఆపరేషన్లపై జరిగిన అనేక పరిశోధనలను కలిపి 2014లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, మూడు నెలల తరువాత 57 శాతం మందికి, ఆరు నెలల తరువాత 47 శాతం మందికి ఎంతో కొంత నొప్పి మిగిలి ఉంది. ఆపరేషన్ తరువాత మూడు నెలలు దాటి నిలిచే నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి రోగాల పట్టికలో ప్రత్యేక స్థానం ఉంది. ఆ పట్టిక 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. కాబట్టి ఇది రోగి ఊహ కాదు, సోమరితనం అంతకన్నా కాదు.

మరి రోగులు ఎందుకు చెప్పరు? పొలం అమ్మి, బంగారం తాకట్టు పెట్టి వైద్యం చేయించిన ఇంట్లో “ఇంకా నొప్పిగా ఉంది” అనడానికి నోరు రాదు. కొందరికి, నొప్పి అంటే క్యాన్సరు మళ్ళీ వచ్చిందంటారేమోనని భయం. ఇంకొందరు స్వస్థత కలిగిందని సంఘంలో సాక్ష్యం చెప్పి ఉంటారు. ఇప్పుడు బాధ గురించి మాట్లాడితే విశ్వాసం తక్కువైందని అనుకుంటారేమోనని మౌనంగా ఉంటారు. బ్రతికినందుకు కృతజ్ఞత, ఒంట్లో నొప్పి, రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. ఒకటి చెప్పినంత మాత్రాన రెండవది అబద్ధం కాదు.

ఈ మౌనానికి మూల్యం ఉంది. చెప్పుకోలేనివారు మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని నెలల తరబడి మింగుతారు. డైక్లోఫెనాక్ వంటి బిళ్ళలు నరాల నొప్పికి అంతగా పనిచేయవు సరికదా, కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని చేయగలవు. నొప్పికి భయపడి చేయి కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. గట్టిగా దగ్గకపోతే కఫం నిలిచి ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ రావచ్చు.

కనుక ఏ ఆసుపత్రిలోనైనా, ఆపరేషన్‌కు ముందే రోగికి, ఇంటివారికి ఈ సంగతి చెప్పాలని మేము గట్టిగా అంటాము. ముందే చెబితే భయపడి ఆపరేషన్ వద్దంటారని కొందరి అభ్యంతరం. తొలిదశలో పట్టుబడిన ఊపిరితిత్తుల క్యాన్సరును, శరీరం తట్టుకోగలిగినవారిలో, నయం చేయడానికి ఆపరేషన్ ప్రధానమైన మార్గమని కూడా అదే నోటితో చెప్పవచ్చు కదా. రెండూ విన్నవారు ధైర్యంగానే ఒప్పుకుంటారు. ఏమీ వినకుండా ఇంటికి వెళ్ళినవారే అర్ధరాత్రి మంట పుడితే బెంబేలెత్తుతారు.

దీనికి వైద్యం ఉంది. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ వంటి మందులు నరాల నొప్పిని తగ్గించగలవు. అందరికీ ఒకే మందు పడదు. మొదట్లో మత్తు, కళ్ళు తిరగడం ఉండవచ్చు. అందుకే డాక్టరుగారు చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. వాటిని మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు, ఒక్కసారిగా మానవద్దు. చర్మంపై అంటించే లిడోకెయిన్ పట్టీలు, నరం దగ్గర ఇచ్చే ఇంజక్షన్లు కొందరికి ఉపయోగపడతాయి. ఫిజియోథెరపీ వారు నేర్పిన భుజం కదలికలు, దీర్ఘశ్వాస రోజూ చేయాలి. గాయం పూర్తిగా మానిన తరువాత మెత్తని గుడ్డతో, మరికొన్నాళ్ళకు కాస్త గరుకు గుడ్డతో ఆ చోట రోజుకు కొన్నిసార్లు మృదువుగా రాస్తుంటే చర్మం స్పర్శకు అలవాటు పడుతుంది. నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. కాబట్టి నెలల లెక్కన ఓపిక పట్టాలి. కొందరికి కొంత తిమ్మిరి శాశ్వతంగా మిగిలిపోతుంది, దానివల్ల ప్రాణభయం లేదు.

మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు. ఇటుక కాపడం, ఇసుక మూట, వేడినీళ్ళ సంచి అక్కడ పెట్టవద్దు. కాలి బొబ్బలెక్కినా మీకు తెలియదు. బిగుతైన రవికలు, బనియన్లు మాని వదులైన నూలు బట్టలు వేసుకోండి.

ఒక్క హెచ్చరిక. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరిగినా, కొత్త చోట మొదలైనా, రాత్రి నిద్ర లేపేటంత ఎక్కువైనా ఆలస్యం చేయకుండా చూపించుకోండి. కఫంలో రక్తం, జ్వరం, ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా అంతే. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా అదేరోజు రావాలి. నిలిచిపోయిన నొప్పి అంతా క్యాన్సరు కాదు, అలాగని ప్రతి నొప్పినీ పాతదేనని వదలివేయకూడదు. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరు.

ఇంటివారికి ఒక మనవి. “ఇంకా నొప్పేనా?” అని అడగకండి. ఆ మాటలో విసుగు వినబడుతుంది. “ఈ రోజు నొప్పి ఎంత ఉంది నాన్నా? రూపాయిలో పావలా వంతా, అర్ధరూపాయి వంతా, ముప్పావలా వంతా?” అని అడగండి. చెప్పింది తేదీ వేసి ఒక కాగితం మీద వ్రాయండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో, ఏ మందుకు ఎంత తగ్గిందో కూడా వ్రాసి, తరువాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఎక్స్‌రేలతోపాటు ఆ కాగితం కూడా తీసుకురండి. ఎక్స్‌రేలో నొప్పి కనిపించదు. మీరు చెబితేనే తెలుస్తుంది.