జాలిం హుమాయూన్ కథ చెబితే పూర్తిగా చెబుదాం

ఈ పోస్టు కొంచెం పొడుగే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, కాకపోతే చదివాక తిట్టండి.

సెలవులు వచ్చాయంటే హైదరాబాదు నుంచో జహీరాబాదు నుంచో మనందరి ఇళ్లకూ చుట్టాలు దిగుతారు. ఇంటికి వచ్చినవాళ్లను కోటకు, గవాన్ మదరసాకు, నానక్ ఝీరాకు తిప్పి, పొద్దు వాలేముందు అష్టూరు గుమ్మటాల దగ్గరికి తీసుకుపోతాం. అక్కడ అందరి ఫోన్లూ బయటికి వచ్చేది ఒక్క చోటనే. నెత్తి మీద కత్తితో నరికినట్టు చీలి, సగం కూలిపోయి నిలబడ్డ గుమ్మటం దగ్గర. అది హుమాయూన్ షా బహమనీ సమాధి. ఢిల్లీ హుమాయూన్ వేరు, ఈయన వేరు. 1458 నుంచి 1461 దాకా, మూడేళ్లు దాటి కొన్ని నెలలు మన బీదరు నుంచి ఏలినవాడు. జనం నోట్లో ఆయన పేరు "జాలిం", అంటే క్రూరుడు.

ఆ గుమ్మటం దగ్గర మనం చుట్టాలకు చెప్పే కథ కూడా సగమే. సొంత తమ్ముణ్ణి పులికి వేశాడట, చచ్చినాక కూడా దేవుడు పిడుగు వేశాడట అంటాం. చుట్టాలు "అబ్బో" అంటారు, ఫోటో దిగుతారు, కారెక్కుతారు. ఈ మధ్య అదే సగం కథ గ్రూపుల్లో ఇంకో తోక తగిలించుకుని తిరుగుతోంది. "చూశారా, వాళ్ల రాజులు ఇలాంటివాళ్లు" అని. ఆ తోక గురించే నా బాధ. పక్కింటివాళ్లను గుచ్చడానికి ఈ కథ పనికిరాదు. పూర్తిగా తెలిస్తే అలా వాడటం కుదరనే కుదరదు.

మొదట పులి సంగతి. హుమాయూన్ తండ్రి రెండో అలావుద్దీన్ 1458లో పోయాడు. కొందరు సర్దార్లు హుమాయూన్‌ను కాదని చిన్నవాడు హసన్ ఖాన్‌ను గద్దె మీద కూర్చోబెట్టబోయారు. హుమాయూన్ వచ్చి గద్దె గుంజుకుని తమ్ముణ్ణి జైల్లో వేశాడు. తర్వాత ఆయన తెలంగాణ వైపు దండయాత్రలో ఉండగా యూసుఫ్ తుర్క్ అనేవాడు బీదరు జైలు బద్దలుకొట్టి ఖైదీలను విడిపించాడు. బయటపడ్డవాళ్లలో హసన్ ఖాన్ ఉన్నాడు, సూఫీ కుటుంబానికి చెందిన హబీబుల్లా ఉన్నాడు. ఇద్దరూ బీజాపూరు దాకా పోయారు. అక్కడి అధికారి ఆదరించినట్టే ఆదరించి మోసం చేశాడు. హబీబుల్లా అక్కడి కొట్లాటలో చనిపోయాడు. హసన్‌ను బీదరుకు పట్టుకొచ్చారు. 1460లో అందరూ చూస్తుండగా పులి ముందుకు తోశారని చరిత్రకారుడు ఫరిష్తా రాశాడు. జైలు కాపలాకాసినవాళ్లను, కొత్వాలును కూడా హుమాయూన్ చిత్రహింసలు పెట్టి చంపించాడని ఆయనే రాశాడు.

ఇప్పుడు చెప్పండి, ఈ కథలో చచ్చింది ఎవరు? రాజు తమ్ముడు, సూఫీ, కొత్వాలు, పహారా జవాన్లు, సర్దార్లు. ఎక్కువమంది ఆయన మతంవాళ్లే, ఆయన ఇంటివాళ్లే, ఆయన ఉప్పు తిన్నవాళ్లే. ఆయన్ను "జాలిం" అన్నది కూడా మనం కాదు. ఆ దర్బారు భాషలో, ఆ దర్బారు జనమే అన్నారు. పారసీ అక్షరాలు ఒక్కోదానికి ఒక్కో అంకె విలువ ఉంటుంది. హుమాయూన్ పోయినప్పుడు నజీరీ అనే కవి లోకానికి సంబరం అని అర్థమొచ్చే మాటలు ఏరి పెట్టాడు. ఆ అక్షరాలు కూడితే 865 వస్తుంది. హిజ్రీ 865, అంటే 1461, రాజు చచ్చిన ఏడాది. రాజు చావు తారీఖును లోకం సంబరంగా లెక్కగట్టినవాడు ముస్లిం కవే.

ఈ కుటుంబంలో విచిత్రాలకు కొదవ లేదు. హుమాయూన్ తండ్రి అలావుద్దీన్‌కు ఖాందేశ్ సుల్తాన్ కూతురు ఒక భార్య. కొంకణం వైపు సంగమేశ్వర రాజు కూతురు ఇంకో భార్య. ఈ రెండో ఆమెను అందాన్ని బట్టి జేబా చెహరా అని పిలిచారు. మొదటి ఆమె అలిగి పుట్టింటికి ఉత్తరం రాసింది. అల్లుడి మీదికి మామ దండెత్తాడు. ఇంట్లో సవతుల పోరు కాస్తా రెండు రాజ్యాల యుద్ధమైంది. ఇద్దరు మనుషుల కోపానికి, దానితో ఏ సంబంధమూ లేని ఎందరు సిపాయిలు బలయ్యారో.

అదే అలావుద్దీన్ బీదరులో పెద్ద ఆసుపత్రి కట్టించాడు. దాని ఖర్చుకు ఊళ్ల ఆదాయం రాసిచ్చాడు. హిందూ వైద్యులను, ముస్లిం వైద్యులను ఇద్దరినీ పెట్టాడు. అలాంటివాడే ఒక శుక్రవారం మసీదులో తన బిరుదులు తానే చదువుకున్నాడట. న్యాయవంతుణ్ణి, దయామయుణ్ణి అంటూ. గుర్రాలు అమ్మి డబ్బులు రాక తిరుగుతున్న ఒక అరబ్బు వ్యాపారి అక్కడే లేచాడు. నీకు న్యాయమూ లేదు, దయా లేదు, చాకణలో సయ్యదులను చంపించినవాడివి నువ్వు అని అందరి ముందూ కడిగేశాడు. ఫరిష్తా ప్రకారం రాజు ఏడ్చాడు, వ్యాపారికి బాకీ ఇప్పించాడు, ఇంటికి పోయి మళ్లీ బతికుండగా బయటికి రాలేదు. తండ్రి కాలంలో ఎదురు నిలబడి మాట్లాడే మనిషి ఒకడైనా ఉన్నాడు. కొడుకు కాలానికి ఆ గొంతు లేదు. నా దృష్టిలో జాలిం పాలన మొదలైంది అక్కడే. పులి ఆ తర్వాతి సంగతి.

గొంతు లేకపోతే ఏమవుతుందో దేవరకొండలో చూడొచ్చు. ఇది మన తెలుగువాళ్ల కథ కాబట్టి పిల్లలకు తప్పకుండా చెప్పండి. హుమాయూన్ బంధువు సికందర్ ఖాన్ నల్గొండలో తిరగబడ్డాడు, యుద్ధంలో పోయాడు. ఆ తర్వాత 1459లో బహమనీ సైన్యం దేవరకొండ వెలమ దొర లింగని మీదికి వెళ్లింది. లింగడు ఒడిశా గజపతుల సాయం అడిగాడు. గజపతి సైన్యం వస్తోందని తెలిసినప్పుడు నిజాముల్ముల్క్ అనే సేనాని, ముట్టడి వదిలి బయలు నేలకు పోదాం, ఇక్కడే ఉంటే మధ్యలో ఇరుక్కుంటాం అన్నాడు. పై సేనాని ఖ్వాజా జహాన్ వినలేదు. అన్నట్టే రెండు వైపుల నుంచి తన్నులు తిన్నారు. రాజు ముందుకు వెళ్లాక ఖ్వాజా జహాన్ నింద అంతా సలహా చెప్పినవాడి మీదికి తోశాడు. ఫరిష్తా రాసినదాన్ని బట్టి నిజం చెప్పినవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. తోసేసినవాడు ఆ తర్వాత కూడా పెద్ద పదవిలోనే ఉన్నాడు. 1460లో ఓరుగల్లు గజపతుల చేతికి పోయింది. భయపెట్టి ఏలేవాడికి చివరికి మిగిలేది అబద్ధాలు చెప్పే మనుషులే. వాళ్లను నమ్ముకుని ఎవడూ ఏ కోటా నిలబెట్టుకోలేడు.

ఇంకో గుమ్మటం సంగతి చెప్పాలి. హుమాయూన్ సమాధికి దగ్గరలోనే ఆయన తాత అహ్మద్ షా సమాధి ఉంది. లోపల రంగుల చిత్రాలున్న గుమ్మటం. గుల్బర్గా నుంచి రాజధానిని బీదరుకు తెచ్చినవాడు ఆయనే. ఆయన్ను వలీ అంటారు, అంటే పుణ్యపురుషుడు. ముస్లింలు మొక్కుతారు, లింగాయతులు అల్లమప్రభువుగా కొలుస్తారు, ఏటా జరిగే ఉర్సుకు జంగమయ్య వస్తాడు. ఇద్దరూ కలిసి మొక్కే చోటు మన ఊళ్లో ఉండటం నాకు గర్వమే. ఇది ఎన్నటికీ ఇలాగే ఉండాలి.

కానీ అదే అహ్మద్ షా గురించి అదే ఫరిష్తా ఏమి రాశాడో తెలుసా? విజయనగరం మీద దండయాత్రలో ఊళ్లకు ఊళ్లు నరికించాడని, చచ్చినవాళ్ల లెక్క ఇరవై వేలు దాటినప్పుడల్లా ఆగి పండగ చేసుకున్నాడని. ఓరుగల్లు కూడా ఆయన చేతిలోనే పడింది. అంకెలు పెంచి రాసి ఉండొచ్చు, రాజుల చరిత్రల్లో అది మామూలే. సగానికి సగం కొట్టేసినా, తాత చేతిలో పోయిన ప్రాణాలు మనవడి చేతిలో పోయినవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మరి తాత వలీ ఎట్లా అయ్యాడు? మనవడు జాలిం ఎట్లా అయ్యాడు?

నాకు తోచిన జవాబు చెబుతాను. తాత చంపించింది దూరపు ఊళ్ల రైతులను, పేరు లేనివాళ్లను. వాళ్ల కోసం ఏడ్చినవాళ్లకు కలం లేదు. మనవడు చంపించింది దర్బారువాళ్లను. వాళ్ల చుట్టాలకు, స్నేహితులకు, శిష్యులకు కలం ఉంది. క్రూరుడన్న పేరు రావడానికి ఎందరిని చంపావన్నది కాదు, ఎవరిని చంపావన్నదే లెక్కకొచ్చింది. ఇప్పటికీ అంతే కదా. పేరున్నవాడికి దెబ్బ తగిలితే పేపర్లో ఫోటో వస్తుంది, పేరులేనివాడికి తగిలితే లోపలి పేజీలో రెండు వరుసలు.

ఫరిష్తా కూడా హుమాయూన్ పోయిన దాదాపు 150 ఏళ్లకు, బీజాపూరు ఆదిల్‌షాహీ నీడలో కూర్చుని రాశాడు. ఉస్మానియా చరిత్ర ఆచార్యులు హారూన్ ఖాన్ షేర్వానీ బహమనీల మీద పుస్తకం రాస్తూ, హుమాయూన్‌ను మరీ రాక్షసుణ్ణి చేశారని వాదించారు. అందరూ మంచివాడన్న మహమూద్ గవాన్‌ను పైకి తెచ్చింది హుమాయూనే అని గుర్తు చేశారు. ఆ వాదనలో బలం ఉంది. అయినా నేను పూర్తిగా ఒప్పుకోను. పుకార్లన్నీ తీసేసినా తమ్ముడి చావు మిగులుతుంది, ఖైదీలు తప్పించుకున్నందుకు కాపలావాళ్ల మీద తీర్చుకున్న పగ మిగులుతుంది. జాలిం అన్న పేరు తుడిచేయమని నేను అనడం లేదు. ఆ పేరు ఒక్కడికే కట్టి, మిగతా అందరినీ కడిగేయవద్దంటున్నాను.

పిడుగు సంగతికి వస్తాను. మైదానంలో అంత ఎత్తున నిలబడ్డ గుమ్మటం మీద పిడుగు పడటంలో వింత లేదు. పాపం చూసి పిడుగు పడేదైతే ఆ వరసలో ఇంకొన్ని గుమ్మటాలు కూడా చీలి ఉండాలి. పైవాడు తీర్పు చెప్పేశాడు అనుకుంటే మన పని తేలికవుతుంది, మనం ఆలోచించక్కర్లేదు. తీర్పు చెప్పాల్సింది మనం. పిడుగు చేసిన మేలు ఒకటుంది. పైకి నున్నగా కనబడే గుమ్మటం గోడ ఎంత మందమో, లోపల ఎట్లా పేర్చారో చీలికలోంచి కనబడుతుంది. పిల్లలకు అది చూపించండి.

మనం ఎప్పుడూ చెప్పని పేరు ఇంకొకటుంది. నర్గిస్ బేగం, హుమాయూన్ భార్య. మొగుడు పోయేసరికి పెద్ద కొడుకు నిజాం షాకు ఎనిమిదేళ్లు. ఆమె, ఖ్వాజా జహాన్, గవాన్ ముగ్గురూ కలిసి రాజ్యం నడిపారు. పసివాడి రాజ్యమని చుట్టూ ఉన్నవాళ్లు మీదపడ్డారు. 1462లో మాళవ సుల్తాన్ బీదరు ఊరినే పట్టుకున్నాడు. ఆమె బిడ్డను తీసుకుని ఫిరోజాబాదు చేరి, గుజరాత్ సుల్తాన్‌కు కబురు పెట్టి సాయం తెప్పించింది. రాజ్యం నిలబడింది. 1463లో ఆ పిల్లవాడు పోతే రెండో కొడుకు మూడో ముహమ్మద్‌ను కూర్చోబెట్టింది. ఆమె చేతులు కూడా పూర్తిగా శుభ్రం కాదు. ఖ్వాజా జహాన్‌ను దర్బారులోనే చంపించింది. కానీ కొడుకు ఎదిగి పెళ్లయ్యాక రాజ్యం పనుల నుంచి తప్పుకుంది. అధికారం చేతికి వచ్చాక వదిలిపెట్టినవాళ్లు ఆ వంశంలో ఎందరున్నారు?

1472లో మదరసా కట్టించిన గవాన్‌ను చంపించింది ఈ రెండో కొడుకే. గవాన్ ముద్ర ఉన్న తెల్లకాగితం సంపాదించి, ఒడిశా రాజుకు రాసినట్టు దొంగ ఉత్తరం సృష్టించారు. తాగి ఉన్న రాజు విచారణ లేకుండా 1481 ఏప్రిల్‌లో ముసలాయన తల తీయించాడు. తర్వాత పెట్టెలు వెతికితే ఆయనకంటూ దాచుకున్నది పెద్దగా ఏమీ దొరకలేదు. ఏడాది తిరగకముందే రాజూ పోయాడు. ఆ తర్వాత రాజ్యం అయిదు ముక్కలైంది. ఈ కొడుకును మాత్రం ఎవరూ జాలిం అనలేదు. దొంగ ఉత్తరాన్ని చూసి, అడగకుండా, నమ్మి నరికించాడు. మనం గ్రూపుల్లో వచ్చినదాన్ని చూడకుండా ముందుకు తోసేటప్పుడు ఈ ఉత్తరాన్ని ఒక్కసారి తలచుకుంటే మంచిది.

అందుకని సంఘానికి నాదొక ప్రతిపాదన. ఈసారి పిల్లలను అష్టూరు తీసుకుపోయినప్పుడు పులితో మొదలుపెట్టండి, తప్పులేదు, పిల్లలకు పులి కావాలి. కానీ పులి దగ్గర ఆపకండి. గుర్రాల వ్యాపారి, దేవరకొండ, తాత చంపించిన పేరులేని ఊళ్లు, నర్గిస్ బేగం, దొంగ ఉత్తరం, అన్నీ చెప్పండి. కన్నడం చదివే పిల్లలున్నారు, తెలుగు మాట్లాడితే చాలు రాయడం రానివాళ్లున్నారు, కాబట్టి రెండు భాషల్లో ఒక చిన్న కాగితం వేయిద్దాం. రాసే పని నేను తీసుకుంటాను, సరిచూడటానికి ఇద్దరు ముందుకు రండి. ముస్లిం మిత్రులను, లింగాయతు మిత్రులను కూడా ఒకసారి చదవమందాం. తప్పులుంటే వాళ్లే పడతారు.

ఇక ఎవరైనా గ్రూపులో ఆ తోకతో పోస్టు పెడితే కొట్లాడకండి. నజీరీ ఎవరు, హబీబుల్లా ఎవరు అని మాత్రం అడగండి. ఆ రెండు పేర్లు తెలిస్తే ఆ తోక దానంతట అదే ఊడిపోతుంది.