తొట్టి చూస్తే తెలుస్తుంది

రోహిణి కార్తె. పొద్దున ఏడింటికే ఎండ చురచురమంటోంది. కరీంనగర్ దగ్గరి మా చిన్నమ్మ పాల కేంద్రం నుంచి ఖాళీ క్యానుతో వచ్చి అరుగు మీద కూలబడింది.

‘పోయిన వారం పూటకు ఆరు లీటర్లు బిడ్డా. ఇయ్యాల నాలుగున్నర. ఏ కండ్లు పడ్డయో!’

‘అమ్మేస్తే పీడ పోతది’ అన్నాడు చిన్నాయన లోపల్నుంచి.

ఆ మాటకు చిన్నమ్మ ముఖం వాడిపోయింది. పాలబిల్లు ఆమె చేతి డబ్బు మరి. ఈ ప్రాంతంలో ఆ డబ్బు విలువ తెలియాలంటే ముల్కనూరు చూడాలి. 2002లో మొదలైన అక్కడి మహిళా డెయిరీని ఆడవాళ్లే నడుపుకొంటున్నారు. అప్పట్లో అది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ.

కొట్టంలోకి వెళ్లి చూస్తే జెర్సీ ఆవు రొప్పుతోంది. రాత్రి వేసిన వరిగడ్డి తొట్టిలో సగం అలాగే ఉంది. దిష్టి సంగతేమో గానీ, లెక్క మాత్రం తొట్టిలోనే దొరికింది.

400 కిలోల పాడి ఆవుకు తేమ తీసేసి లెక్కిస్తే రోజుకు దాదాపు 12 కిలోల మేత కావాలి. పాలలో 87 శాతం నీళ్లే. పొదుగులోకి ఆ నీటిని లాగేది ల్యాక్టోజ్ అనే పాలచక్కెర. అది తయారయ్యేది రక్తంలోని గ్లూకోజ్ నుంచి. మేత తగ్గితే గ్లూకోజ్ తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. కొత్తగా ఈనిన ఆవైతే ఒంట్లో కొవ్వు కరిగించి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. చీటీలో వెన్న శాతం బాగానే కనిపిస్తుంది. ఆవు మాత్రం చిక్కిపోతుంది, సకాలంలో ఎదకు రాదు.

మరి మేత ఎందుకు మానేసింది? గడ్డి పొట్టలో పులిసి అరిగేటప్పుడు వేడి పుడుతుంది. బయటి సెగకు లోపలి సెగ తోడైతే తట్టుకోలేక ఆవు తనే నోరు కట్టేసుకుంటుంది.

మేత ఒక్కటే కారణమా అంటే, కాదు. 2009లో అమెరికాలోని అరిజోనా పరిశోధకులు కొన్ని ఆవులను వేడిలో ఉంచారు. అవి ఎంత తగ్గించి తిన్నాయో అంతే మేత చల్లని చోట ఉన్న ఆవులకూ వేశారు. పాల తగ్గుదలలో మేత వాటా సుమారు 35 శాతమేనని తేలింది. మిగతాది వేడి చేసిన పనే. కాబట్టి దాణా కుమ్మరించి పాలు పెంచుదామంటే కుదరదు. పొట్టలో పులుపు పెరిగి అసలుకే మోసం వస్తుంది.

ముందు నీడ, గాలి కావాలి. రోజంతా ముందర చల్లటి నీళ్లుండాలి. ఈ ఎండల్లో పాడి ఆవు 60 లీటర్లకు పైనే తాగుతుంది. మేతలో ఎక్కువ భాగం తెల్లవారుజామున, పొద్దుగూకాక వేయాలి. పచ్చిమేత ఉంటే నరికి గడ్డిలో కలపాలి. జ్వరం ఉన్నా, పూర్తిగా మేత మానేసినా పశువుల డాక్టరుకు చూపించాల్సిందే.

చిన్నమ్మ కొట్టం మీద కొబ్బరి మట్టలు కప్పించింది. నీళ్లతొట్టి దగ్గరికి జరిపింది. వారానికి పూటకు అయిదు లీటర్లు దాటాయి. ఆరు మాత్రం కాలేదు.

‘వానలు పడనీ’ అంది. అమ్మే మాట చిన్నాయన మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఆమె పాలచెంబు పట్టుకునే ముందు తొట్టిలోకి ఓసారి తొంగిచూస్తోంది.