ఆరు నెలలు వెళ్లేవాళ్లు ఇంటికి తాళం వేయొద్దు



పండగ సెలవులొచ్చినా, వేసవి సెలవులొచ్చినా మీ పత్రిక జిల్లా పేజీల్లో పోలీసువారి సూచనలు వస్తుంటాయి. ఊరెళ్లేటప్పుడు స్టేషన్లో చెప్పి వెళ్లండి, నగలు లాకర్లో పెట్టండి, ప్రయాణం ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి అని. మంచి మాటలే, కాదనను. కానీ అవి సంక్రాంతికి నాలుగు రోజులు సొంతూరు వెళ్లొచ్చేవాళ్లకు పనికొచ్చే మాటలు. మా గుంటూరులో ఏ వీధిలో చూసినా కనిపించే తాళాలు అలాంటివి కావు. కూతురి పురిటికో, మనవడిని చూసుకోవడానికో అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు వేసిన తాళాలవి. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు అక్కడ దిగగానే మామూలుగా ఆరు నెలల గడువిస్తారు. టికెట్లకు అంత పోశాక గడువు తీరేదాకా ఎవరు తిరిగొస్తారు? అన్నాళ్లూ ఇంటికి దిక్కు ఓ తాళంకప్ప. అలా వెళ్లేవాళ్లు అసలు ఇంటికి తాళం వేయకూడదనీ, ఎవరో ఒకరిని ఇంట్లో ఉంచి వెళ్లాలనీ నా వాదన.

ఇంట్లో ఎవరూ లేరన్న సంగతిని ఇల్లే బయటపెట్టేస్తుంది. మా వీధిలో ఓ ఇల్లుంది. గేటు తాళం తడిసి తుప్పు పడుతుందని దానికి పాలకవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి వెళ్లారు. రోజూ తీసి వేసే తాళానికి ఎవరైనా కవరు కడతారా? వాకిట్లో కళ్లాపి లేదు, ముగ్గు లేదు, వేపాకు మడమల్లోతున పేరుకుంది. గేటు సందుల్లో స్కూలు అడ్మిషన్ల కరపత్రాలు, కేబుల్ వాళ్ల చీటీలు. అన్నిటికంటే ఘోరం కరెంటు బిల్లు. రీడింగ్ తీసే అబ్బాయి నెలనెలా చీటీ తీసి మీటరు పెట్టె సందులో దోపి పోతాడు. వాడిన యూనిట్లు సున్నా అని అందులో అచ్చేసి ఉంటుంది. అలాంటివి రెండు మూడు అక్కడ వేలాడుతుంటే, రెక్కీ పేరుతో దొంగ వారం రోజులు తిరగాల్సిన పనేముంది? ఇంకొందరు తెలివిగా వరండా లైటు వేసి వెళ్తారు. మిట్టమధ్యాహ్నం కూడా అది వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి అంతకంటే పెద్ద బోర్డు అక్కర్లేదు.

కెమెరాలున్నాయిగా అంటారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఉచితంగా అందించే, తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ నాకు తెలుసు. యాప్‌లో నమోదు చేసుకుని ఫలానా రోజుల్లో ఊళ్లో ఉండబోమని చెబితే, ఇంట్లో కెమెరా పెడతారు. లోపల కదలిక కనిపిస్తే కంట్రోల్ రూముకు కబురు వెళ్తుంది. తిరుపతి వెళ్లొచ్చేవాళ్లకు దాన్ని మించింది లేదు, అందరూ వాడుకోవాలి. కానీ ఒక్కో ఇంట్లో ఆరేసి నెలలు కెమెరా వదిలేయడం ఏ శాఖకైనా అయ్యే పని కాదు. ఇక సొంత కెమెరాలంటారా, నెట్ రీచార్జి అయిపోయిన రోజు, కరెంటు పోయి ఇన్వర్టరు చేతులెత్తేసిన రోజు వాటికి చూపు పోతుంది. అన్నీ సవ్యంగా పనిచేశాయనే అనుకుందాం. ఇక్కడ అర్ధరాత్రి ఎవడో గోడ దూకితే అక్కడ డాలస్‌లో పట్టపగలు అబ్బాయి ఫోన్లో చూస్తాడు. చూసి ఎవరికి చెబుతాడు? అమెరికా నుంచి 112 నొక్కితే మన స్టేషన్ మోగదు. లోకల్ స్టేషన్ నంబరు దేశం కోడ్‌తో సహా దగ్గర రాసుకున్నవాళ్లు ఎందరున్నారు? ఎదురింటాయన నంబరైనా ఉందా?

దొంగతనం జరిగాక ఇంకో చిక్కు. మా వీధికి రెండు వీధుల అవతల ఇలాంటి ఇంట్లోనే వెనక వైపు వంటింటి తలుపు గొళ్లెం ఊడగొట్టారు. ఏ రోజు జరిగిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. బంధువు స్టేషన్‌కు వెళ్తే ఏమేం పోయాయని అడిగారు. సహజంగా అడిగే ప్రశ్నే. ఆ బీరువాలో ఏముందో ఆయనకెలా తెలుస్తుంది? తెలిసిన ఇల్లాలు ఏడు సముద్రాల అవతల ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు, కానీ మూడు రోజుల్లోగా పంపినవారు సంతకం చేయాలి. టికెట్ దొరికి, విమానం మారి, గుంటూరు చేరేసరికి ఆ మూడు రోజులు కాస్తా దారిలోనే గడిచిపోతాయి. ఇంటికి బీమా ఉందని ధీమాగా ఉన్నవాళ్లు కూడా పాలసీ కాగితం ఓసారి తీసి చదవండి. వరసగా ముప్పై రోజులకు మించి ఇల్లు ఖాళీగా ఉంటే ముందే తెలియజేయాలన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

మరి ఎవరినైనా ఉంచి వెళ్లమంటే పెద్దవాళ్లు చెప్పే మాట ఒక్కటే: ‘‘కూర్చున్నవాడు లేవకపోతే?’’ ఈ భయం ఉత్తినే పుట్టింది కాదు. ఖాళీ స్థలాల మీద, ఊళ్లో లేనివాళ్ల ఇళ్ల మీద కన్నేసే పెద్దమనుషులు మన దగ్గర తక్కువేం లేరు. పన్నెండేళ్లు అనుభవంలో ఉంటే ఇల్లు వాడిదైపోతుందన్న మాటను లిమిటేషన్ చట్టం లోంచి సగం విని, మిగతా సగం వదిలేసి జనం చెప్పుకుంటారు. వదిలేసిన సగం ఇది: యజమాని అనుమతితో ఉన్నవాడికి ఆ లెక్క వర్తించదు. మరియా మార్గరిడా కేసు అని గోవాలోని ఓ ఇంటి తగాదాలో 2012లో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. కాపలాకు పెట్టినవాడు ఎన్నేళ్లున్నా ఆ ఆస్తి మీద హక్కు పుట్టదు, అడిగిన వెంటనే అప్పగించాల్సిందే. కాబట్టి నమ్మకం అంటూ నోటిమాటతో సరిపెట్టకుండా, ఫలానావారిని కాపలా కోసం ఉంచుతున్నామని స్టాంపు కాగితం మీద రాయించుకోండి. ఆధార్ కాపీ తీసుకుని స్టేషన్లో ఒకటి ఇవ్వండి. మీ సామాను ఓ గదిలో సర్ది దానికి తాళం వేసుకోండి. అద్దెకే ఇచ్చేట్టయితే పదకొండు నెలల అగ్రిమెంటు ఎలాగూ అందరికీ తెలిసిందే.

కాపలాకు మనుషులు దొరకరన్న మాట నేను ఒప్పుకోను. కోచింగ్ కోసం పల్లెల నుంచి వచ్చి హాస్టల్ తిండి పడక అవస్థ పడే పిల్లలు, పెళ్లాంబిడ్డలను సొంతూళ్లో వదిలి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగులు ఈ ఊళ్లో కావలసినంత మంది. మా పక్కింటివాళ్లు న్యూజెర్సీ వెళ్తూ, డిగ్రీ చదివే బంధువుల అబ్బాయికి హాలూ వంటగదీ అప్పగించి వెళ్లారు. పొద్దున్నే వాడి బైకు చప్పుడు, సాయంత్రం వరండాలో ఆరేసిన చొక్కాలు, రాత్రి పదింటిదాకా క్రికెట్ కేకలు. ఆ కేకలకు విసుక్కున్న మాట నిజమే గానీ, ఆ ఇంటి వైపు ఏ దొంగా చూడలేదు. బిల్లు చీటీలు మీటరు పెట్టెకు వేలాడలేదు, కుళాయి లీకైతే వాడే ప్లంబరును పిలిచాడు.

అపార్ట్‌మెంట్లవాళ్లు మాకు వాచ్‌మన్ ఉన్నాడని నిశ్చింతగా ఉంటారు. అతను కాసేది మెయిన్ గేటును, మూడో అంతస్తులో మీ తలుపును కాదు. ఏదైనా పోతే మాత్రం అనుమానం మొదట పడేది అతని మీదే. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

పోలీసు అధికారులకు మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. ఈసారి సూచనలు ఇచ్చేటప్పుడు నెలల తరబడి వెళ్లేవాళ్ల కోసం విడిగా నాలుగు మాటలు చేర్చండి, విదేశాల నుంచి కలిసే స్టేషన్ నంబర్లు కోడ్‌తో సహా అచ్చు వేయించండి. తాళం వేసిన ఇంటి వివరాలు స్టేషన్లో ఇచ్చినవారికి ఓ రసీదు ఇచ్చి, బీటు కానిస్టేబుల్ ఆ ఇంటికి ఎప్పుడెప్పుడు వచ్చి వెళ్లాడో మెసేజ్ పంపే ఏర్పాటు చేయండి. ఇక వేసవికి విమానం ఎక్కబోయే తల్లిదండ్రులకు ఓ మాట: సూట్‌కేసులో ఆవకాయ సర్దే ముందే ఇంట్లో ఎవరిని ఉంచుతారో తేల్చుకోండి.

— ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు